జేబులో పడని నూరు రూపాయలు

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా నందమూరి తారక రామారావు శతజయంతి స్మారక నాణెం విడుదలైనప్పుడు, నాణేల సేకరణతో అంతవరకు ఏ సంబంధమూ లేని ఎన్నో తెలుగు ఇళ్ళలోకి ‘ప్రూఫ్’, ‘అన్‌సర్క్యులేటెడ్’ అనే మాటలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ముఖవిలువ, అంటే నాణెం మీద అచ్చయిన విలువ, నూరు రూపాయలే అయినా, అమర్చిన పెట్టెను బట్టి దాని ధర నాలుగు వేలు దాటి అయిదు వేలకు చేరువగా ఉండటం, అంత పెట్టి కొన్నవారు కూడా దానిని ఖర్చు చేయడానికి కాక దాచుకోవడానికే కొనడం చూసి ఆశ్చర్యపోయినవారు చాలామంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చుట్టూ అల్లుకున్న తెలుగు సినిమా ప్రపంచానికి అది అభిమాన నటుని జ్ఞాపిక మాత్రమే కావచ్చు గాని, నాణేల సేకర్తల దృష్టిలో మాత్రం అది చాలా పాతదైన, తనకంటూ కట్టుబాట్లున్న ఒక వ్యాపకానికి తెరిచిన వాకిలి.

ఆ నాణెం వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, నూటికి 40 పాళ్ళు రాగి, మిగిలిన పది పాళ్ళలో నికెల్, జింకు చెరిసగం. ఒకవైపు అశోక స్తంభ శీర్షమైన సింహాలు, రూపాయి గుర్తుతో 100 అంకె ఉండగా, రెండవవైపు ఎన్టీఆర్ ముఖచిత్రం, 1923–2023 అనే సంవత్సరాలు ఉంటాయి. అభిమానులకు బొమ్మ అంటే ఆ ముఖమే అయినా, ప్రభుత్వ లెక్కలో సింహాలున్నదే ముందువైపు కాబట్టి, కథానాయకుని ముఖం అధికారికంగా బొరుసు మీదే ఉన్నట్టు. వెండితెర మీద మూడు దశాబ్దాలకు పైగా ఎదురులేకుండా నిలిచిన నటునికి ఇది కొంచెం వెలితిగా తోచవచ్చు గాని, భారత ప్రభుత్వ స్మారక నాణేలన్నింటికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ప్రూఫ్ అనే పద్ధతి పుట్టింది అమ్మకం కోసం కాదు. కొత్త నాణేన్ని పెద్ద ఎత్తున ముద్రించే ముందు, డై సరిగా చెక్కారా లేదా అని పరీక్షించడానికి టంకశాలల్లో కొన్ని ప్రతులను ప్రత్యేక శ్రద్ధతో తీసి చూసేవారు. డై అంటే నాణెం బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి, లోపలికి చెక్కిన ఉక్కు అచ్చు. పరీక్ష కోసం తీసిన ఆ ప్రతులు మామూలు నాణేలకంటే ఎంతో అందంగా ఉండటంతో రాజులకు, మంత్రులకు, విదేశీ అతిథులకు వాటిని కానుకగా ఇవ్వడం అలవాటైంది. ఆ తర్వాత, ఇంత శ్రద్ధగా చేసినవాటిని జనానికి కూడా ఎందుకు అమ్మకూడదనే ఆలోచన టంకశాలలకు వచ్చింది. నేటి ప్రూఫ్ నాణెం ఆ పరీక్షా ప్రతి నుంచి వచ్చినదే గాని, ఇప్పుడది దేన్నీ పరీక్షించదు. తయారీలో ఎంత జాగ్రత్త సాధ్యమో అంతా చూపించడం ఒక్కటే దాని పని.

ఆ జాగ్రత్త నాణెపు బిళ్ళ దగ్గరే మొదలవుతుంది. చెలామణి నాణేలకు వాడే బిళ్ళలు గుట్టలుగా యంత్రంలోకి జారి, నిమిషానికి వందల చొప్పున అచ్చుపడి, సంచుల్లోకి ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి కనుక, బ్యాంకు చేరకముందే వాటి మీద గీతలు, నొక్కులు పడతాయి. ప్రూఫ్ కోసం తీసుకున్న బిళ్ళను ముందే మెరుగుపెడతారు. డైలో చదునుగా ఉన్న భాగాన్ని అద్దంలా మెరిసేవరకు రుద్ది, బొమ్మ లోతుగా ఉన్న భాగాన్ని మాత్రం గరుకుగా ఉంచుతారు. బిళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో అమర్చి, అధిక ఒత్తిడితో ఒకటికి రెండుసార్లు కొడతారు. అచ్చుపడిన నాణేన్ని గ్లవ్స్ వేసుకున్న చేతితో అంచులు పట్టి తీసి, తిన్నగా పెట్టెలోకి చేరుస్తారు. ఒక్క డైతో ప్రూఫ్ నాణేలు కొద్దిసంఖ్యలోనే తీయగలరు, ఎందుకంటే ఆ అద్దపు మెరుగు త్వరగానే తగ్గిపోతుంది.

అన్‌సర్క్యులేటెడ్, సేకర్తల వాడుకలో ‘యుఎన్‌సి’, అంటే చెలామణికి వెళ్ళని నాణెం. దీనికి అద్దపు మెరుగు ఉండదు. మామూలు నాణేలు చేసే రీతిలోనే చేసినా, సంచిలో దొర్లకుండా, ఎవరి చేతిలోనూ నలగకుండా, టంకశాల నుంచి నేరుగా ఫోల్డర్‌లోకి వస్తుంది. ఒక సంవత్సరంలో ముద్రించిన విలువలన్నింటినీ, అంటే నేటి లెక్కలో ఒకటి, రెండు, అయిదు, పది, ఇరవై రూపాయల నాణేలను, ఒకే అట్టలో అమర్చి అమ్మితే దానిని వార్షిక మింట్ సెట్ అంటారు. అవే నాణేలను ప్రూఫ్ పద్ధతిలో చేసి ఇస్తే ప్రూఫ్ సెట్ అవుతుంది. ఎన్టీఆర్ నాణేన్ని కూడా ప్రూఫ్‌గా, యుఎన్‌సిగా రెండు విధాలుగా అమ్మారు. కొన్నవారిలో చాలామంది చెక్కపెట్టెకు, అట్టకు ఉన్న తేడానే చూశారు గాని, లోపలి నాణేల మధ్య ఉన్న తేడాను పట్టించుకోలేదు.

ఆ తేడా తెలియాలంటే చదవడంకంటే కళ్ళతో చూడటమే దారి. ప్రూఫ్ నాణేన్ని అంచులు పట్టుకుని ఒకవైపు నుంచి వచ్చే వెలుతురులో నెమ్మదిగా వాల్చితే, ముఖం చుట్టూ ఉన్న చదునైన నేల ఒక కోణంలో నల్లటి అద్దంలా, మరొక కోణంలో తెల్లటి మెరుపులా మారిపోతుంది. ముఖం మాత్రం ఏ కోణంలోనూ మారకుండా, మంచు పట్టినట్టు పాలిపోయిన తెలుపులో, నేల మీద తేలుతున్నట్టు నిలుస్తుంది. యుఎన్‌సి నాణెంలో ఇలా జరగదు. దాని మీద వెలుగు మధ్య నుంచి అంచుల దాకా చువ్వల్లా సాగి, నాణేన్ని తిప్పినప్పుడు బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. లోహం అచ్చులోకి పారిన దారుల వెంబడి పడిన అతి సన్నని గీతలే ఆ మెరుపుకు కారణం. నాణెం చేతులు మారడం మొదలుపెడితే ముందుగా పోయేది ఆ మెరుపే, తుడిచి శుభ్రం చేస్తే పోయేదీ ఆ మెరుపే. ఒకే ఏడాదికి చెందిన పది రూపాయల నాణేలు మూడు తీసుకుని, ఒకటి జేబులోది, ఒకటి మింట్ సెట్‌లోది, ఒకటి ప్రూఫ్ సెట్‌లోది, బల్లమీద పక్కపక్కన పెడితే ఈ వ్యాపకంలోని సగం పాఠం పూర్తయినట్టే.

సినిమా అభిమానానికి, ప్రూఫ్ నాణేల సేకరణకు ఇక్కడే పొసగదు. అభిమానం తాకాలనుకుంటుంది, దండ వేస్తుంది, కటౌట్‌కు పాలాభిషేకం చేస్తుంది. ప్రూఫ్ నాణెం మీద వేలిముద్ర ఒక్కటి పడినా, చర్మం మీది చెమట, నూనె లోహాన్ని నెమ్మదిగా తిని, కొన్ని నెలలకు ఆ ముద్ర శాశ్వతంగా నిలిచిపోతుంది. పూజగదిలో పెట్టి కుంకుమ బొట్టు పెట్టిన నాణెం భక్తికి గుర్తుగా ఉంటుంది గాని, ఆ క్షణం నుంచి అది ప్రూఫ్ కాదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసింది లేదు. ఆ నాణేన్ని జ్ఞాపికగా కొన్నవారు జ్ఞాపికలాగే వాడుకుంటారు. అయితే ఏనాటికైనా దానిని సేకర్తకు అమ్మవచ్చునని కూడా ఆశపడేవారు మాత్రం ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

ఎన్టీఆర్ నాణెం అచ్చయింది హైదరాబాద్ మింట్‌లోనే. ఈ టంకశాలను 1803లో మూడవ నిజాం సికందర్ జా పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో నెలకొల్పాడు. పందొమ్మిదో శతాబ్ది చివరలో యంత్రాల వాడకం మొదలై, 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. నేటికీ సచివాలయం పక్కన ఆ ప్రాంతాన్ని జనం మింట్ కాంపౌండ్ అనే పిలుస్తారు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత మింట్ కేంద్రప్రభుత్వం చేతికి వెళ్ళింది; 1997లో నగరానికి ఈశాన్యాన ఉన్న చర్లపల్లికి తరలింది. 2006లో ఏర్పడిన సెక్యూరిటీ ప్రింటింగ్ అండ్ మింటింగ్ కార్పొరేషన్ అనే ప్రభుత్వసంస్థ కింద ముంబై, కోల్‌కతా, నోయిడా మింట్‌లతో పాటు ఇప్పుడది పనిచేస్తోంది. కరెన్సీ నోట్లు రిజర్వు బ్యాంకు పేరుతో వస్తే, నాణేలు మాత్రం కేంద్రప్రభుత్వం పేరుతోనే వస్తాయన్న తేడాను ఇక్కడ గుర్తుచేయాలి. ఒక రూపాయి నోటును మినహాయిస్తే ఏ నోటు మీదనైనా కనిపించే గవర్నరు సంతకం నాణెం మీద లేకపోవడానికి ఇదే కారణం.

సైఫాబాద్‌లోని పాత భవనంలో 2022 జూన్‌లో మింట్ మ్యూజియం ప్రారంభమైంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారి లక్డీకాపూల్‌లో దిగితే, అక్కడి నుంచి మ్యూజియం దూరమేమీ కాదు. నాణేలను గాజు వెనుక చూసే మ్యూజియాలు నగరంలో వేరే ఉన్నాయి; పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో శాతవాహనుల కాలం నుంచి ఉన్న నాణేల రాశి విద్వాంసులకు సుపరిచితం. సైఫాబాద్ ప్రత్యేకత ఏమిటంటే, అక్కడ నాణెంకంటే నాణేన్ని చేసే పని కనిపిస్తుంది. ఎన్టీఆర్ నాణెం కూడా సైఫాబాద్‌లోను, చర్లపల్లిలోను ఉన్న మింట్ కౌంటర్లలో అమ్మకానికి వచ్చింది.

టంకశాల సైఫాబాద్‌కు మారిన కాలంలోనే నిజాం రాజ్యంలో చార్మినార్ బొమ్మతో యంత్రంపై అచ్చయిన రూపాయి వచ్చింది. తెలుగునాట నాణేలు సేకరించేవారు పరిశీలనాశక్తిని పదునుపెట్టుకోవడానికి అంతకంటే మంచి నాణెం లేదు. చార్మినార్ ద్వారం నడుమ ఒక చిన్న అరబీ అక్షరం ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది ఆయన పేరులోని తొలి అక్షరమైన ‘మీమ్’, 1911లో ఆయన కన్నుమూసి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అది ‘ఐన్’. కొత్త పాలన తొలినాళ్ళలో ఆ ఐన్‌ను సగం మాత్రమే చెక్కిన రూపాయిలు కొన్ని వచ్చి, ఆ తర్వాత పూర్తి అక్షరంతో సరిదిద్దినవి వచ్చాయి. మొత్తం నాణెం ఒకలాగే ఉండి, ద్వారంలోని గింజంత అక్షరం ఒక్కటే వేరైనా, సగం ఐన్ ఉన్నదానికి సేకర్తలు ఎక్కువ వెల కడతారు. వార్షిక సెట్లు కొనేవారికి కూడా ఇదే చూపు కావాలి, ఎందుకంటే ఒక ఏడాదికీ మరో ఏడాదికీ మధ్య మార్పు తరచూ ఇంత సూక్ష్మంగానే ఉంటుంది.

ఆ చూపు అలవడటానికి పైసా ఖర్చులేని మార్గం జేబులో చిల్లరే. ఇప్పటి భారత నాణేల మీద సంవత్సరానికి కింద ఉండే చిన్న గుర్తు ఏ మింట్‌దో చెబుతుంది: హైదరాబాద్‌కు అయిదు కోణాల నక్షత్రం, ముంబైకి వజ్రం ఆకారం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు గుర్తేమీ ఉండదు, ఆ లేకపోవడమే దాని గుర్తు. ముంబై మింట్ తన ప్రూఫ్ నాణేల మీద వజ్రానికి బదులు మొదట ‘బి’ అనే ఇంగ్లీషు అక్షరాన్ని, నగరం పేరు మారాక ‘ఎమ్’ అనే అక్షరాన్ని వేసింది. కనుక 1970ల నాటి పది రూపాయల వెండి నాణెం మీద ‘బి’ అక్షరం ఉందా, వజ్రం ఉందా అన్నది చూసుకోకుండా ప్రూఫ్ వెల ఇచ్చి కొనకూడదు.

స్వతంత్ర భారతంలో తొలి ప్రూఫ్ సెట్ రిపబ్లిక్ నాణేలు వచ్చిన 1950లోనే తయారైంది; పైస, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి అందులో ఉన్నాయి. 1964లో నెహ్రూ బొమ్మతో రూపాయి, అర్ధరూపాయి రావడంతో స్మారక నాణేల పరంపర మొదలైంది. ఈ వ్యాపకానికి అసలు ఊపునిచ్చింది మాత్రం 1969, గాంధీ శతజయంతి సంవత్సరం: గాంధీ ముఖంతో పది రూపాయల వెండి నాణెం వచ్చింది, దానితోపాటు ఒక పైసా నుంచి మొదలై ఆనాటి విలువలన్నీ ఉన్న ప్రూఫ్ సెట్‌ను బొంబాయి మింట్ అమ్మింది. తరువాతి ఏడాది నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పిలుపుతో ‘అందరికీ ఆహారం’, ‘ఆహారోత్పత్తి పెంచండి’, ‘ప్రణాళికాబద్ధ కుటుంబం’ వంటి నినాదాలు దాదాపు ఏటా వెండి నాణేలకెక్కాయి. మొదట నూటికి 80 పాళ్ళున్న వెండి 1972 నాటికి 50 పాళ్ళకు దిగిందన్న సంగతిని ఆ కాలపు సెట్లను వరుసగా పేర్చినవారు చేత్తో పట్టుకుని మరీ చెప్పగలరు. కుటుంబనియంత్రణ, తిండిగింజల కొరత గురించి ఆనాటి ప్రభుత్వం పడిన ఆరాటాన్ని ఏ చరిత్ర పుస్తకమూ ఇంత చిన్న జాగాలో ఇమడ్చలేదు.

అయితే ఏటా తప్పకుండా సెట్ తేవడమనే క్రమం భారతదేశంలో స్థిరంగా నిలవలేదు. కాలక్రమంలో మింట్‌ల ఆసక్తి ఏటేటా వచ్చే మామూలు నాణేల సెట్ నుంచి వ్యక్తుల, సంస్థల స్మారకాల వైపు మళ్ళింది. 2010లో తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ళ సందర్భంగా వెయ్యి రూపాయల నాణెం, రిజర్వు బ్యాంకు 75 ఏళ్ళకు 75 రూపాయల నాణెం, ఆ తర్వాత రవీంద్రనాథ్ ఠాగూరు 150వ జయంతికి 150 రూపాయల నాణెం రావడం ఈ ధోరణికి నిదర్శనం. వెయ్యి రూపాయలకు మించిన విలువతో నాణెం తేవడానికి 2011 నాటి నాణేల చట్టం ఒప్పుకోదు. ముఖవిలువ చిత్రంగా ఉన్నంత మాత్రాన నాణెం గొప్పదైపోదని, దేశం నిజంగా వాడిన చిల్లరను ఏడాదికొకసారి శుభ్రంగా దాచిపెట్టే సెట్‌కే చరిత్ర విలువ ఎక్కువని అనుభవజ్ఞులైన సేకర్తలు అనుకోవడంలో న్యాయముంది. 2019లో ధాన్యపు కంకుల గుర్తుతో వచ్చిన కొత్త వరుస, పన్నెండు పలకల ఇరవై రూపాయల బిళ్ళ, 2022లో స్వాతంత్ర్య అమృతోత్సవ చిహ్నంతో వచ్చిన అయిదు నాణేలు ఇలాంటివే. ముప్ఫై ఏళ్ళ తర్వాత వాటిని మెరుపు చెడకుండా చూడాలంటే ఎవరో ఒకరు ఇప్పుడే దాచి ఉండాలి.

ఏటేటా సెట్ అనే పద్ధతిని అమెరికా మింట్ గట్టిగా పట్టుకుంది. 1936 నుంచి 1942 వరకు ఒక విడత, 1950 నుంచి 1964 వరకు మరొక విడత నడిచిన ప్రూఫ్ సెట్లు, 1968 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో మింట్ గుర్తయిన ‘ఎస్’ అక్షరంతో ఏటా వస్తున్నాయి. అన్‌సర్క్యులేటెడ్ సెట్లు 1947లో మొదలై నడుమ కొన్నేళ్ళు మాత్రం ఆగాయి. బ్రిటన్‌లో 1971లో దశాంశ నాణేలు వచ్చినప్పటి నుంచి ప్రూఫ్ సెట్లు నేటికీ వస్తున్నాయి. పిల్లలు పుట్టిన సంవత్సరపు సెట్‌ను కొని దాచడం ఆ దేశాల్లో పాత అలవాటు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు బారసాలకో, మొదటి పుట్టినరోజుకో ఇచ్చే వెండిగిన్నె పక్కన ఆ ఏటి ప్రూఫ్ సెట్ కూడా చక్కగా ఇమిడిపోతుంది.

ఇక ధర సంగతి. ఎన్టీఆర్ నాణెం విడుదలైన నాటికి కిలో వెండి డెబ్భై, ఎనభై వేల రూపాయల మధ్య ఉంది. నాణెంలో ఉన్న వెండి పదిహేడున్నర గ్రాములు కనుక దాని విలువ పన్నెండు, పద్నాలుగు వందల రూపాయలకు మించదు. మిగిలినదంతా పనితనానికి, పెట్టెకు, పేరుకు చెల్లించినది. 2025లో కిలో వెండి లక్ష దాటాక ఆ లెక్క మారింది గాని, వెండి మీద లాభమే కావాలనుకునేవారు వెండి కడ్డీయే కొనుక్కోవచ్చు. కొన్న వెల వెనక్కి వస్తుందన్న భరోసా వార్షిక సెట్లకు ఎక్కడా లేదు: 1980ల, 90ల నాటి అమెరికా ప్రూఫ్ సెట్లు అనేకం ఈనాటికీ విడుదల ధరకు అటుఇటుగా, కొన్ని అంతకంటే తక్కువకే దొరుకుతాయి, ఎందుకంటే ఆ రోజుల్లో లక్షలాది సెట్లు అమ్ముడై, అన్నీ జాగ్రత్తగానే దాచబడ్డాయి. పారేసినవి ఎక్కువైనప్పుడే మిగిలినవి అరుదవుతాయి. అందరూ దాచుకునే వస్తువు అరుదు కావడం కష్టం. ఎన్టీఆర్ నాణేన్ని ఎవరూ పారేయలేదు, పారేయరు కూడా.

స్మారకం అనే భావన సినిమా లోకానికి కొత్త కాదు. వంద రోజులు ఆడిన సినిమాకు శతదినోత్సవం జరిపి, నటీనటుల నుంచి లైట్‌బాయ్‌ల వరకు షీల్డులు పంచడం తెలుగు పరిశ్రమలో దశాబ్దాల పాటు సాగిన ఆచారం; మద్రాసు నుంచి పరిశ్రమ తరలివచ్చాక ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఆఫీసుల గోడలకు అవే అలంకారమయ్యాయి. షీల్డు పొందాలంటే ఆ సినిమాకు పనిచేసి ఉండాలి, స్మారక నాణేన్ని మాత్రం డబ్బు కట్టిన ఎవరైనా పొందవచ్చు. సినిమా మనుషులను నాణెం మీదకు తేవడంలోను ఎన్టీఆర్ తొలివారు కారు: 2017లో ఎమ్జీఆర్ శతజయంతికి నూరు రూపాయలతోపాటు అయిదు రూపాయల నాణేన్ని కూడా కేంద్రం ప్రకటించింది, అంతకు ముందటి సంవత్సరం ఎమ్మెస్ సుబ్బులక్ష్మి శతజయంతికి నూరు, పది రూపాయల నాణేలు వచ్చాయి. వెండి నాణెం పెట్టెలో దాక్కున్నా, దాని జత అయిన చిన్న నాణెం సామాన్యుని చేతికి వచ్చే అవకాశం ఆ రెండు సందర్భాల్లో ఉంది. ఎన్టీఆర్‌కు నూరు రూపాయల నాణెం ఒక్కటే దక్కింది. సినిమా టికెట్ కొని ఆయనను అంత ఎత్తుకు తీసుకువెళ్ళిన నేలక్లాసు ప్రేక్షకుని జేబులోకి రాగల అయిదు రూపాయల బిళ్ళ కూడా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మరొక లోటు లిపి. భారత నాణేల మీద సాధారణంగా హిందీ, ఇంగ్లీషు భాషలే ఉంటాయి కాబట్టి, తెలుగువారి ఆత్మగౌరవ నినాదంతో రాజకీయాల్లోకి వచ్చిన నేత నాణెం మీద ఆయన పేరు దేవనాగరిలో ఉంది గాని తెలుగులో లేదు. అదే కరెన్సీ నోటు వెనుక భాషల పట్టీలో తెలుగుకు చోటుంది. నిజాం నోట్ల మీదా తెలుగు ఉండేది. నాణేల మీద తెలుగు కావాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్ళి, ఈస్టిండియా కంపెనీ 1808 ప్రాంతంలో మద్రాసులో ముద్రించిన వెండి అర వరహా, పావు వరహా నాణేలను చూడాలి. ఒకవైపు గోపురం, చుట్టూ ఇంగ్లీషు, పారసీ. రెండవవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. సంతలో బేరమాడేవాడు చదువుకోగలగాలని వ్యాపారులైన దొరలు పాటించిన మర్యాద అది.

దాచుకునే పద్ధతి గురించి చెప్పవలసినవి కొద్దిగానే ఉన్నా, అవి తప్పితే మిగిలినదంతా వృథా. వెండికి గంధకం శత్రువు; రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, చవకరకం అట్ట, పాత వార్తాపత్రిక తమలోని గంధకంతో వెండిని నల్లబరుస్తాయి. మెత్తటి పీవీసీ కవర్లు కాలక్రమంలో జిగురు వదిలి నాణెం మీద పచ్చటి పొర కడతాయి. వానాకాలపు తేమ తగలకుండా సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టడం, మింట్ ఇచ్చిన గట్టి ప్లాస్టిక్ గుళిక తెరవకుండా ఉంచడం, బయటికి తీయవలసివస్తే అంచులు మాత్రమే పట్టుకోవడం చాలు. నల్లబడిన నాణేన్ని చింతపండుతోనో, పళ్ళపొడితోనో తోమి తళతళలాడించడం పూజసామాను విషయంలో మంచి అలవాటే గాని, ప్రూఫ్ నాణేన్ని అలా తోమితే అద్దపు నేల మీద వెంట్రుకంత గీతలు వేలకొద్దీ పడి, ఏ నిపుణుడూ బాగుచేయలేని స్థితి వస్తుంది. అట్ట, ధ్రువపత్రం, పైన వేసే కాగితపు తొడుగు కూడా సెట్‌లో భాగమే; అవి పోగొట్టుకుంటే ధరలో గణనీయమైన భాగం పోయినట్టే.

మోసాల విషయంలో రెండు మాటలు అవసరం. నాయకుల, నటుల ముఖాలతో ప్రైవేటు సంస్థలు చేసి అమ్మే వెండి బిళ్ళలు ఎంత అందంగా ఉన్నా, వాటి మీద సింహాల చిహ్నం, రూపాయల విలువ ఉండవు కనుక అవి నాణేలు కావు, పతకాలు మాత్రమే. పాత అయిదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామంటూ ఫోన్లలో తిరిగే ప్రకటనలు అంతకంటే ప్రమాదకరం. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల అమ్మకానికి కమీషన్లు, పన్నులు అడుగుతున్న మోసగాళ్ళను నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన విడుదల చేయవలసివచ్చింది. మింట్ కౌంటర్‌లో గాని, మింట్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో గాని కొనడం కొత్తవారికి క్షేమకరం. బుకింగ్ కొద్దికాలమే తెరిచి ఉండి, నాణెం చేతికి రావడానికి నెలలు పట్టడం ఇక్కడ మామూలే.

తెలుగునేలకు సంబంధించిన స్మారక నాణేలను వరుసగా కూర్చదలచినవారికి ఎన్టీఆర్ తర్వాత 2025 నవంబరులో పుట్టపర్తిలో ప్రధాని విడుదల చేసిన సత్యసాయి శతజయంతి నూరు రూపాయల నాణెం చేరింది. దాని పక్కన నక్షత్రం గుర్తున్న హైదరాబాద్ చిల్లర, ఇంకా వెనక్కి వెళితే చార్మినార్ రూపాయి, విష్ణువున్న పావు వరహా ఉంచుకోవాలని సహజంగానే అనిపిస్తుంది. విదేశాలకు వెళ్ళేవారు మాత్రం ఒక నియమం గుర్తుంచుకోవాలి: 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క కాబట్టి, తాతగారి పెట్టెలో దొరికిన 1911 నాటి ఐన్ రూపాయిని సామాన్లలో పెట్టుకుని దేశం దాటించడం నేరం. శంషాబాద్‌లో విమానమెక్కేవారు ఎన్టీఆర్ ప్రూఫ్ నాణేన్ని బిల్లుతో సహా నిశ్చింతగా వెంట తీసుకువెళ్ళవచ్చు. ఐన్ రూపాయి మాత్రం ఇక్కడి బంధువుల బీరువాలోనే ఉండాలి.